లాటిన్ గారికి, డిసెక్షన్ హాల్ నుంచి

మహారాజశ్రీ లాటిన్ భాష గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేక మీరు పోయి శతాబ్దాలైందంటారు. పోయినవాళ్లను కులాసానా అని అడగడం మా ఇళ్లలో ఆనవాయితీ కాదు. పోయాక కూడా ఇలా పట్టుకుని పీడిస్తుంటే మా వైపు వేపమండలు తెస్తారు. తెద్దామని లేస్తే దానికీ మీ పేరే, అజాడిరక్టా ఇండికా. అందులో మొదటి ముక్క పారశీకులది. రెండోది మా సింధునది పేరు, నలుగురి నోళ్లలో నలిగి మీదాకా వచ్చింది. చివర్న మీ తోక తగిలించి చెట్టునే రాయించేసుకున్నారు. మామిడీ అంతే. మాంజిఫెరాలో మాంగా మా దక్షిణాదిది, మోయడం మాత్రం మీ వంతు.

నేను ఎంబీబీఎస్ ఫస్టియర్. మా బ్యాచ్‌ని తక్కువ అంచనా వేయకండి. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నవాళ్లం. కాళిదాసు మీద ప్రేమతో కాదు, మార్కులు పడతాయని. రామః రామౌ రామాః తెలుగు లిపిలో బట్టీ కొట్టి, నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుని, పరీక్ష కేంద్రం గేటు దాటేలోపు రాముణ్ణి మూడు వచనాల్లోనూ మరిచిపోయిన మొనగాళ్లం. అలాంటి మాకు మీరో లెక్కా అనుకున్నాం. కానీ సంస్కృతానికి జాలి ఉంది, పరీక్షతో వదిలేసింది. మీరు పొద్దున శవాలను కోసి చదివే డిసెక్షన్ హాల్లో పట్టుకుంటే రాత్రి మంచం మీద బోన్ సెట్ పక్కన కూడా వదలరు.

పై పెదవినీ ముక్కు రెక్కనీ పైకి లాగే ఓ చిన్న కండరం ఉంది. దాని పేరు లివేటర్ లేబియై సుపీరియారిస్ అలీక్వె నేసై. కండరం కన్నా పేరు పొడుగు. పెదవి యొక్క, పైదాని యొక్క, రెక్క యొక్క, ముక్కు యొక్క అంటూ షష్ఠీ విభక్తి మీద షష్ఠీ విభక్తి. చిన్నప్పుడు కిన్ కున్ యొక్క లోన్ లోపలన్ అని వల్లించి బతికి బయటపడ్డాం కదా అనుకుంటే ఇక్కడ మళ్లీ తగులుకుంది. మనిషి చిరాకుతో మూతి ముడిచి ముక్కు ఎగరేసినప్పుడు పనిచేసే కండరాల్లో ఇదొకటి. ఈ పేరు తొలిసారి చదివినప్పుడు క్లాసు క్లాసంతా దాని పనితీరును మొహాల మీదే ప్రదర్శించింది.

పోనీ ఇంత ఆర్భాటం వెనక ఏం గంభీరమైన అర్థాలున్నాయో అని తవ్వి చూస్తే, రోమన్ల వంటింటి సామాను బయటపడింది. పెల్విస్ అంటే బేసిన్. తొడ ఎముక తల కూర్చునే గుంట అసిటాబులం, వెనిగర్ పోసుకునే చిన్న గిన్నె. కాలి ముందెముక టిబియా అంటే పిల్లనగ్రోవి, పక్కనున్న సన్నపాటి ఫిబులా బట్టలకు పెట్టుకునే పిన్నీసు. తొడ మీదుగా ఏటవాలుగా దిగే సార్టోరియస్ దర్జీగారట, బాసింపట్టు వేసుక్కూర్చుని కుట్టుకుంటాడు కాబట్టి. పటెల్లా అంటే చిన్న పళ్లెం. మేమూ మోకాలి చిప్ప అనే అన్నాం కదండీ! కానీ వైవాలో, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్షలో, చిప్ప అని చెప్పిచూడండి, చేతికి అదే వస్తుంది.

కండరానికి మీరు పెట్టిన అసలు పేరు మస్క్యులస్, అంటే చిట్టెలుక. బైసెప్స్ అంటే రెండు తలలది. రోజూ సాయంత్రం జిమ్‌లో చెమటోడ్చే మా సీనియర్లు జబ్బ మీద రెండు తలల ఎలుకను మేపుతున్నారని వాళ్లకి చెప్పే ధైర్యం నాకైతే లేదు.

ఇంతకన్నా ఘోరం తుంటి ఎముక. ఏ గిన్నె పేరూ తట్టలేదేమో, ఇనామినేట్ అనేశారు. పేరులేనిది అని. స్పాటర్స్ అనే ప్రాక్టికల్ పరీక్షలో ఆ పేరులేని ఎముకను బల్ల మీద పెట్టి, పేరు రాయమంటారు. ఖాళీగా వదిలేస్తే మీ వ్యాకరణం ప్రకారం అదే సరైన జవాబు. మార్కు మాత్రం ఇవ్వరు.

1895లో బాసెల్‌లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞులు మీ సంసారాన్ని చక్కదిద్దేనాటికి శరీరభాగాలకు దాదాపు 50,000 పేర్లు వాడుకలో ఉన్నాయట. ఒకే భాగానికి ఒక్కో పండితుడు ఒక్కో పేరు. వాళ్లు వాటిని సుమారు ఐదున్నర వేలకు దించారు. ఆ పుణ్యాత్ములకు మా బ్యాచ్ ఏటా దణ్ణం పెట్టుకోవచ్చు. ఇంకో రెండు పూటలు కూర్చుని ఉంటే పాదపూజే చేసేవాళ్లం.

మీ పెత్తనం మా కాలేజీతో ఆగితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. గ్రూప్-2కి చదివే మా అన్నయ్య హెబియస్ కార్పస్, మాండమస్, సెర్షియోరరీ అని కోర్టు రిట్ల పేర్లు నిద్రలో కలవరిస్తుంటే ఇంట్లోవాళ్లు దిష్టి తీశారు. ఇక మందుల చీటీ సంగతి సరే సరి. బీడీ అంటే రోజుకు రెండుసార్లు, మా తాతయ్య కాల్చేది కాదు. టీడీఎస్ అంటే మూడుసార్లు, మా నాన్న జీతంలో కోసేది కాదు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే వేసుకోమని. ఓడ మునుగుతోందని కాదు. ఇవన్నీ చూసి మందుల షాపు కుర్రాడు కవరు మీద పొద్దునకో గీత, రాత్రికో గీత గీసి, "అన్నం తిన్నాక వెయ్యి పెద్దమ్మా" అంటాడు. రోజుకు అన్ని అనువాదాలు చేస్తున్నా వాడికి ఏ అకాడమీ శాలువా కప్పదు.

వృక్షశాస్త్రం వాళ్లు తెలివైనవాళ్లు. కొత్త మొక్క దొరికితే దాని వర్ణన మీలోనే రాయాలన్న నియమాన్ని 2012 జనవరి 1 నుంచి ఎత్తేశారు, ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతుంది. పేరు మాత్రం మీ వేషంలోనే ఉండాలనుకోండి. మాకు ఆపాటి వెసులుబాటు కూడా లేదా? మోకాలి చిప్పను చిప్ప అన్నంత మాత్రాన మనిషి కుంటుతాడా?

అయితే ఒక్క మనవి. ఈ సంస్కరణలేవో నేను ఫస్టియర్ గట్టెక్కేలోపు జరగాలి. తర్వాతైతే అసలొద్దు. దురద అంటూ వచ్చిన మనిషికి "ఇది ప్రురైటస్" అని డాక్టర్ గంభీరంగా చెప్పాలి. అదీ దురదే అని తెలియక ఆయన, ఇన్నాళ్లకు జబ్బేంటో తెలిసిందని తృప్తిగా తలాడించి ఐదొందలు బల్ల మీద పెట్టాలి. రేపు నేను బోర్డు కట్టాక, దురదను దురదే అంటే ఆ ఐదొందలు మీరిస్తారా?

ఇట్లు,
మీ విధేయురాలు,
ప్రస్తుతానికి బాధితురాలు