వసంతపు సాల్మన్: ఏ నది, ఏ వారం?

స్కాట్లాండ్‌లో టే నది మీద సాల్మన్ చేపల వేట సీజన్ జనవరి 15న మొదలవుతుంది. కెన్‌మోర్ ఊళ్లో బ్యాగ్‌పైపులు వాయిస్తూ జనం ఊరేగింపుగా ఏటి ఒడ్డుకు వెళ్తారు. పడవ మీద విస్కీ పోసి మొదటి గాలం వేస్తారు. ఉత్తరాన ఉన్న హెల్మ్స్‌డేల్, థర్సో నదులు ఇంకా ముందే, 11వ తేదీనే తెరుచుకుంటాయి. ట్వీడ్, డీ నదులకు ఫిబ్రవరి 1, స్పే నదికి ఫిబ్రవరి 11. ఇవన్నీ చట్టం పెట్టిన తేదీలు. చేపకు వాటితో పని లేదు. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, ఏరు ఎంత ఎత్తున పారుతోంది అన్నవే దాని కదలికను నిర్ణయిస్తాయి.

ఎడిన్‌బరోలోనో అబర్డీన్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, ఈ వసంతంలో ఒక్క సాల్మన్ అయినా పట్టాలని ఉబలాటపడే మనవాళ్లు మొదట అడిగేది "ఏ నది మంచిది?" అనే. ఆ ప్రశ్నకు జవాబు వారం వారం మారిపోతుంది. అయినా చాలామంది ఏడాది ముందే నది పేరు చూసి గాలం వేసే హక్కుకు డబ్బు కట్టేస్తారు. ఆ పద్ధతి తప్పని నా అభిప్రాయం. జేబుకు నష్టమన్నది ఒక కారణమే, అసలు కారణం చేపకు సంబంధించింది.

ముందు ఈ చేప సంగతి. ఒక్క చలికాలం సముద్రంలో గడిపి జూన్, జులైల్లో ఏట్లోకి వచ్చే చిన్న సాల్మన్‌ను గ్రిల్స్ అంటారు. వసంతంలో వచ్చేది ఎక్కువగా రెండు, మూడు చలికాలాలు గ్రీన్‌లాండ్ వైపు, ఫారో దీవుల చుట్టుపక్కల మేసి బలిసిన చేప. గుడ్లు పెట్టేదేమో నవంబరు ప్రాంతంలో. అంటే ఫిబ్రవరిలో నదిలోకి దూరిన చేప తొమ్మిది నెలల పాటు మేత ముట్టకుండా ఒంట్లోని కొవ్వు మీదే బతకాలి. అంత తొందరెందుకంటే, దాని పుట్టిల్లు చాలావరకు నది తలాపున ఉన్న కొండవాగుల్లో ఉంటుంది. ముందుగా రావడం తల్లిదండ్రుల నుంచి వచ్చే గుణం కూడా. అందుకే ఈ గుంపు తరిగిపోతే వేసవి చేపలు వచ్చి ఆ ఖాళీని పూడ్చలేవు.

మన గోదావరి పులసదీ ఇలాంటి ప్రయాణమే. ఎర్రనీరు సముద్రంలో కలిశాక ఆ వాసన పట్టుకుని ఎదురీదుతూ వచ్చి, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది. పులసను కదిలించేది వరద. వసంతపు సాల్మన్‌ను కదిలించడానికి వరద ఒక్కటే చాలదు, చలి కూడా తగ్గాలి.

నదిని ఎంచుకోవడంలో కిటుకు ఇక్కడే ఉంది. నీటి వేడి 5, 6 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉన్నప్పుడు సాల్మన్ కండరాలు మందగిస్తాయి. నిదానంగా పారే నీటిలో కాస్త కాస్త పైకి జరుగుతుంది గానీ, జలపాతాన్నో ఆనకట్టనో ఎక్కే ప్రయత్నం చేయదు. దాని కింది మడుగులో ఆగిపోతుంది. టే నదిలో స్టాన్లీ దగ్గర క్యాంప్సీ లిన్ అని బండరాళ్ల మధ్య నీళ్లు విరుచుకుపడే చోటుంది. గట్టి చలి ఉన్న ఏడాది జనవరి, ఫిబ్రవరి చేపలు దాని దిగువనే పోగవుతాయి. అప్పుడు దిగువ నీళ్లలో గాలం వేసినవాళ్లకు పండగ. చలి తక్కువగా ఉన్న ఏడాది అవే చేపలు ఆగకుండా లిన్ దాటి లాక్ టే సరస్సు దాకా వెళ్లిపోతాయి. కొన్ని టమ్మెల్ ఉపనదిలోకి మళ్లి పిట్లాక్రీ డ్యామ్ కిందికి చేరతాయి. అక్కడ 34 తొట్లతో కట్టిన చేపల నిచ్చెన ఉంది, దాన్ని ఎక్కాలన్నా నీళ్లు కాస్త వేడెక్కాల్సిందే.

బీట్ అంటే ఒక యజమాని హక్కు కింద ఉన్న నది ముక్క. దాన్ని రోజు లెక్కన, వారం లెక్కన అద్దెకిస్తారు. ప్రకటనల్లో "ఐదేళ్ల సగటు ఇన్ని చేపలు" అని రాస్తారు. ఆ లెక్కలో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ ఆ ఐదేళ్లలో ఎన్ని చలికాలాలు గడ్డకట్టించాయి, ఎన్ని మామూలుగా గడిచాయి అన్నది అందులో ఉండదు. రెండు చలి ఏళ్ల పుణ్యాన దిగువ బీట్ సగటు పెరిగి ఉండొచ్చు. చలికాలాలు మెత్తబడుతున్న ఈ రోజుల్లో ఆ సగటును నమ్మి ఫిబ్రవరి వారానికి డబ్బు కట్టడం గుడ్డి పందెం. నన్నడిగితే జనవరి అంతా నీటి వేడి గమనించండి. నాలుగు డిగ్రీల దగ్గర తచ్చాడుతుంటే దిగువ బీట్, ఏడు దాటితే మధ్య, ఎగువ బీట్‌లు. చివరి నిమిషంలో రద్దయి ఖాళీగా మిగిలిన రోజులు దొరుకుతూనే ఉంటాయి.

నీటి ఎత్తు చూడటం ఇప్పుడు తేలిక. స్కాట్లాండ్ పర్యావరణ సంస్థ సెపా నదుల మట్టాలను ఆన్‌లైన్‌లో పెడుతోంది. వరద పొంగుతున్నప్పుడు వెళ్లి ప్రయోజనం లేదు. పొంగు తీసి, నీళ్లు తేరుకుంటూ దిగుతున్న రోజు కోసం ఆగాలి. డీ నదిలో ఇంకో మెలిక ఉంది. అది కెయిర్న్‌గార్మ్ కొండల్లో పుట్టే నది, ఏప్రిల్ దాకా పైన మంచు ఉంటుంది. పొద్దున ఎండ కాస్తే హాయిగా ఉందనుకుంటాం. మధ్యాహ్నానికి కరిగిన మంచునీరు దిగొచ్చి మట్టం రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది, నీటి వేడి మళ్లీ పడిపోతుంది. చేప ముడుచుకుపోతుంది. అలాంటి రోజు పదకొండింటికే ఏట్లో ఉండాలి, సాయంత్రం మీద ఆశ పెట్టుకోకూడదు. నీళ్లు 9, 10 డిగ్రీలకు వచ్చాయంటే బరువైన పెద్ద ఫ్లైలు (ఈకలతో, దారాలతో కట్టిన నకిలీ ఎరలు), నీళ్లలో మునిగే లైన్లు (గాలపు తాళ్లు) పక్కన పెట్టి, తేలే లైనుకు చిన్న ఫ్లై కట్టొచ్చు. గత శతాబ్దం మొదట్లో ఎ.హెచ్.ఇ. వుడ్ అనే గాలపు వేటగాడు ఆ పద్ధతికి పేరు తెచ్చింది ఇదే డీ మీద, కెయిర్న్‌టన్ బీట్‌లో.

కొత్తగా మొదలుపెట్టేవారికి టే, డీలలో పేరున్న బీట్‌ల కంటే స్థానిక సంఘాల నీళ్లు మేలు. స్పే మీద గ్రాంటౌన్ దగ్గర బయటివాళ్లకు కూడా టికెట్ ఇస్తారు. ఏప్రిల్ చివర, మే నెలల్లో వెళ్తే చలికి వేళ్లు కొంకర్లు పోవు, చేప అక్కడిదాకా వచ్చి ఉంటుంది. ఇంగ్లండ్‌లోలా స్కాట్లాండ్‌లో గాలానికి ప్రభుత్వ లైసెన్స్ అక్కర్లేదు గానీ, హక్కుదారు అనుమతి లేకుండా సాల్మన్‌కు గాలం వేస్తే నేరం. ఆదివారం సాల్మన్ వేట నిషేధం.

ఫిబ్రవరి, మార్చిల్లో గాలానికి పడేదంతా వసంతపు చేప అనుకోకూడదు. గుడ్లు పెట్టేసి సముద్రానికి తిరిగి వెళ్తున్న చేపలు కూడా అప్పుడే దిగుతుంటాయి. వాటిని కెల్ట్ అంటారు. అవీ వెండిలా మెరుస్తాయి, చూడగానే మోసపోతాం. పరీక్షగా చూస్తే తల పెద్దదిగా, పొట్ట లోపలికి పీక్కుపోయి, తోక అంచులు అరిగి ఉంటాయి. మొప్ప ఎత్తితే లోపల తెల్లటి పురుగులు కనిపించొచ్చు. సముద్రం నుంచి తాజాగా వచ్చిన చేపకు మెడ దగ్గర నుంచే కండ పట్టి ఉంటుంది. తోక దగ్గర సముద్రపు పేలు అంటుకుని ఉంటే అది ఉప్పునీళ్లు వదిలి కొద్ది రోజులే అయిందని గుర్తు. రెంటినీ నీళ్లలోనే ఉంచి వదిలేయాలి.

వదిలేయడం గురించి ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. స్కాట్లాండ్ మొత్తం మీద గాలానికి పడిన సాల్మన్ 2010లో లక్షకు పైనే. 2023లో అది 32 వేల చిల్లరకు పడిపోయింది. 1952లో లెక్కలు మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎప్పుడూ లేదు. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ బ్రిటన్‌లోని అట్లాంటిక్ సాల్మన్‌ను అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. డీ ఎగువన గిర్నాక్ బర్న్ అనే చిన్న వాగులో 1966 నుంచి తిరిగొచ్చే చేపల్ని లెక్కిస్తున్నారు. అక్కడికి వచ్చేది వసంతపు గుంపే. ఇప్పుడు వస్తున్న ఆడచేపలు అప్పటితో పోలిస్తే అతి కొద్ది.

ఇలాంటప్పుడు గాలమే వేయొద్దంటే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. నేను ఆ పక్షం కాదు. చల్లటి నీళ్లలో పట్టి, చేతిలో ఎక్కువసేపు ఉంచకుండా వదిలిన సాల్మన్ చాలావరకు బతుకుతుంది. జులై ఎండల్లో నీళ్లు 20 డిగ్రీలకు చేరినప్పుడు పట్టి వదిలితేనే అసలు ప్రమాదం. పైగా బీట్‌ల అద్దెల్లోంచే నది బోర్డులకు డబ్బు వస్తుంది, ఆ డబ్బుతోనే కాపలా, ఒడ్డున నీడ కోసం చెట్ల పెంపకం సాగుతున్నాయి. కానీ చలికి ఒకే మడుగులో పోగై కదల్లేక ఉన్న చేపల మీద రోజంతా, వారాల తరబడి గాలాలు వేయడం నాకు సమ్మతం కాదు. ఒకే చేప రెండు మూడు సార్లు పట్టుబడే అవకాశం అక్కడే ఎక్కువ. అలాంటి వారాల్లో బీట్ యజమానులు గాలాల సంఖ్య తగ్గించాలి, మనం కూడా ఆ మడుగును వదిలి ఇంకో చోటుకు పోవాలి.

చట్టం ఇక్కడ సగం దూరమే వచ్చింది. 2015 నుంచి స్కాట్లాండ్‌లో మార్చి 31 దాకా పట్టిన ప్రతి సాల్మన్‌నూ వదిలేయాలి. ఆ తర్వాత, చేపలు తగినన్ని ఉన్నాయా అని చూసి ప్రభుత్వం నదికి ఇచ్చే గ్రేడ్‌ను బట్టి నియమం మారుతుంది. ఒకటో గ్రేడ్ నదుల్లో ఏప్రిల్ 1 నుంచి చంపినా చట్టం అడ్డురాదు. వసంతపు చేపలు ఏప్రిల్, మే నెలల్లో కూడా వస్తూనే ఉంటే మార్చితో ఎందుకు ఆపినట్టు? పక్కనే ఇంగ్లండ్‌లో 1999 నుంచి జూన్ 16కు ముందు పట్టిన ఏ సాల్మన్‌నూ ఉంచుకోకూడదు. స్కాట్లాండ్ కూడా ఆ గీతను కనీసం మే 31కి జరపాలి. చాలా నదుల్లో జనం ఇప్పటికే స్వచ్ఛందంగా వదిలేస్తున్నారు, చట్టమెందుకని కొందరు యజమానులంటారు. అందరూ వదిలేస్తున్నదే నిజమైతే చట్టం చేయడంలో వాళ్లకు పోయేదేమీ లేదు. చంపనివ్వకపోతే అద్దెకు ఎవరూ రారన్న భయం కూడా అక్కర్లేదు. డీ నదిలో 1995 నుంచి పట్టి వదిలేసే పద్ధతే నడుస్తోంది, అక్కడి వసంతపు వారాల కోసం మనుషులు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు.