సవరణ: లాఫింగ్ గ్యాస్ ఇస్తే పిల్లలు నిద్రపోరు

పంటి చికిత్సంటే బెదిరే పిల్లలకు లాఫింగ్ గ్యాస్ సాయపడుతుందని పోయిన పోస్టులో రాశాను. బిడ్డ నిద్రలో ఉండగానే పని అయిపోతుందని కొందరు తల్లిదండ్రులు అనుకున్నారు. అలా కాదు. ఈ గ్యాస్‌ను, అంటే నైట్రస్ ఆక్సైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద పెట్టే చిన్న మాస్కుతో ఇస్తారు. బిడ్డ మెలకువగానే ఉంటుంది, డాక్టరుగారు "నోరు తెరువమ్మా" అంటే తెరుస్తుంది. బెదురు మాత్రం తగ్గుతుంది. పన్ను తీయాలంటే చిగుళ్లకు మత్తు ఇంజెక్షన్ మామూలుగా ఇవ్వాల్సిందే. జలుబుతో ముక్కు మూసుకుపోతే గ్యాస్ సరిగా అందదు, ముందే చెప్పండి.

"అస్సలు నొప్పి ఉండదు" అని మాత్రం దయచేసి మాటివ్వకండి. కాస్త చురుక్కుమన్నా ఆ తర్వాత మీ మాట నమ్మరు. ఇంటికొచ్చాక, ఇంజెక్షన్‌తో మొద్దుబారిన పెదవిని పిల్లలు తెలియకుండా కొరుక్కుంటారు. స్పర్శ వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండండి.