సున్నాను కనిపెట్టింది ఆర్యభటుడు కాదు

“సున్నాను ఆర్యభటుడు కనిపెట్టాడు. అంతకుముందు ఎవరికీ తొమ్మిది దాటి లెక్క రాదు. ప్రపంచమంతటికీ సున్నాను నేర్పింది మనమే.” వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న సందేశమిది. దీనికి ఎదురుగా “మరి రావణుడికి పది తలలని ఎలా లెక్కపెట్టారు?” అనే వెక్కిరింత ఒకటి తిరుగుతోంది. సున్నా గుర్తు లేనిదే పది లేదన్న పొరపాటును ఇద్దరూ నమ్మారు.

ముందు ఆ పొరపాటు సంగతి చూద్దాం. యజుర్వేదంలో ఏకం, దశ, శతం మొదలుకొని పరార్ధం దాకా సంఖ్యల పేర్లున్నాయి. బ్రాహ్మీ లిపిలో పదికి, ఇరవైకి, వందకు వేర్వేరు గుర్తులు ఉండేవి. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లోని అంకెలు ఆ పద్ధతివే. ఈజిప్టులో అహ్మోస్ అనే లేఖకుడు సుమారు క్రీ.పూ. 1550లో నకలు రాసిన పాపిరస్‌లో భిన్నాలు, వృత్త వైశాల్యం సహా 84 లెక్కలున్నాయి. వాటిలో దేనికీ సున్నా అవసరం పడలేదు.

ఇక ఆర్యభటుడు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆయన సంఖ్యలను అక్షరాలతో రాశాడు, సున్నాకు గుర్తు ఇవ్వలేదు. ఒక్కో స్థానం ముందుదానికి పది రెట్లని మాత్రం స్పష్టంగా చెప్పాడు. వర్గమూలం, ఘనమూలం కట్టే ఆయన పద్ధతులు ఆ స్థాన విలువ మీదే నడుస్తాయి. వ్యాసం 20,000 అయితే పరిధి 62,832 అని చెప్పి, అది ఉజ్జాయింపేనని కూడా అన్నాడు. అంటే 3.1416. పిల్లలకు చెప్పాల్సిన ఆర్యభటుడు ఈయన. ఈ పనిని పక్కనపెట్టి, చేయని పనికి పొగడటం ఆయనకు అన్యాయం.

అంతకు ఎంతో ముందే బాబిలోనియాలో అరవై ఆధారంగా స్థాన విలువ పద్ధతి ఉంది. అక్కడి వారు మొదట ఖాళీ స్థానాన్ని వదిలేసేవారు, సుమారు క్రీ.పూ. 300 నాటికి రెండు ఏటవాలు మేకు గుర్తులు అక్కడ పెట్టసాగారు. కానీ సంఖ్య చివర సాధారణంగా పెట్టేవారు కాదు కాబట్టి 1, 60 ఒకేలా కనిపించేవి. ఏది ఏదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. అది ఖాళీని సూచించే గుర్తే తప్ప కూడి తీసివేసే సంఖ్య కాదు.

సున్నాను సంఖ్యగా నిలబెట్టి నియమాలు రాసిన ఘనత బ్రహ్మగుప్తుడిది. నేటి రాజస్థాన్‌లోని భిల్లమాలకు చెందిన ఆయన 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం రచించాడు. ధనాన్ని, ఋణాన్ని, సున్నాను ఒకే వరుసలో నిలిపి, సమానమైన ధన ఋణాలు కలిస్తే సున్నా అన్నాడు. సున్నాతో ఏ సంఖ్యను గుణించినా సున్నాయే అన్నాడు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అనడం మాత్రం పొరపాటు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరుడు సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు, అదీ పొరపాటే. ఆ మహావీరుడి గణితసార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. 1150 నాటి లీలావతి కర్త భాస్కరుడు అలాంటి భాగఫలాన్ని అనంతమని భావించాడు. ఒకరు ఒక రాత్రిలో కనిపెట్టిన వస్తువుకు ఇలాంటి చరిత్ర ఉండదు. తరం తర్వాత తరం తప్పులు చేస్తూ పట్టుదలగా పెనుగులాడిన ఆలోచన ఇది. నాకు ఇందులోనే గొప్పతనం కనిపిస్తుంది.

“ప్రపంచమంతటికీ మనమే నేర్పాం” అన్నది సగం నిజం. భారతీయ అంకెల మీద బాగ్దాద్ గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ తొమ్మిదో శతాబ్దంలో పుస్తకం రాశాడు. 1202లో ఇటలీకి చెందిన ఫిబొనాచ్చి, ఇవి భారతీయుల తొమ్మిది అంకెలని పేరుపెట్టి చెప్పి, వాటితో పాటు సున్నానూ యూరప్‌ వర్తకులకు వివరించాడు. తేదీ స్పష్టంగా ఉన్న తొలి సున్నా గుర్తుల్లో ఒకటి మాత్రం కంబోడియాలోని సంబోర్ శాసనంలో దొరికింది: శక సంవత్సరం 605, అంటే క్రీ.శ. 683, మధ్యలోని సున్నా ఒక చుక్క. గ్వాలియర్ చతుర్భుజ ఆలయంలో 270, 50 అని చెక్కింది 876లో. మధ్య అమెరికాలోని మాయా ప్రజలకైతే మన సంగతే తెలియదు. ఇరవై ఆధారంగా సాగే తమ కాలగణన కోసం వాళ్లు సున్నాకు గవ్వలాంటి గుర్తును సొంతంగానే ఏర్పరచుకున్నారు.