అటక మీద కోట్లు లేవు: పాత వీడియో గేమ్ ఫార్వర్డ్‌కు జవాబు

వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ మళ్లీ చక్కర్లు కొడుతోంది. అందులో ఉన్నది ఇదీ: మీ అటక మీద పాత టీవీ గేమ్ ఉంటే పారేయకండి. అమెరికాలో మారియో క్యాసెట్ 15 కోట్లకు పోయింది, డబ్బా లేకపోయినా ఫర్వాలేదు. మీది ఒరిజినల్ నింటెండోనే, అందులో 99,99,999 ఆటలున్నాయి. పని చేయకపోతే గట్టిగా ఊదండి. గన్ ఏ టీవీతోనైనా ఆడుతుంది. ఇరవై ఏళ్లు దాటాయి కాబట్టి కాపీరైట్ గొడవ కూడా లేదు. చివర్లో ఓ ముక్తాయింపు: హైదరాబాద్‌కు ఈ రంగంలో సొంత చరిత్రంటూ లేదు, ఉన్నదంతా ఫారిన్ సరుకే.

ఎవరో సరదాకి రాసుకున్నారులే అని వదిలేద్దామంటే కుదరడం లేదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత అడాప్టర్ల గుట్ట ముందు కూర్చున్నాయన కూడా ఇదే మెసేజ్ చూపించి రేటు చెబుతున్నాడు. వైరు తెగిన జాయ్‌స్టిక్‌కి కూడా!

ముందు ఆ 15 కోట్ల సంగతి. అమ్మకం నిజమే. 2021 ఆగస్టులో సూపర్ మారియో బ్రదర్స్ 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అంతకు నెల ముందు జరిగిన వేలంలో సూపర్ మారియో 64 అనే ఆట 15.6 లక్షల డాలర్లు పలికింది. ఫార్వర్డ్ చెప్పనిది ఏమిటంటే, ఆ రెండూ సీలు విప్పనివి. కొన్నాక ఎవరూ ఆడలేదు, కనీసం అట్టపెట్టె తెరవలేదు. గ్రేడింగ్ కంపెనీ పరీక్షించి, మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చినవి. పైగా ఆ 20 లక్షల డాలర్ల కాపీని అమ్మింది రాలీ అనే పెట్టుబడుల సంస్థ. అది 2020లో 1.4 లక్షల డాలర్లకు కొని, షేర్లుగా జనానికి పంచింది. అంటే అక్కడ డబ్బు పలికింది ఆటకు కాదు, చెక్కుచెదరని అట్టపెట్టెకు. వేసవి సెలవులన్నీ ఆడి ఆడి లేబుల్ ఊడిపోయిన మన పసుపు క్యాసెట్‌కు ఆ లెక్క ఏ రకంగానూ వర్తించదు. "డబ్బా లేకపోయినా ఫర్వాలేదు" అన్నది ఫార్వర్డ్ మొత్తంలో అన్నిటికన్నా పెద్ద అబద్ధం.

ఇక ఒరిజినల్ నింటెండో. 1983 జులైలో జపాన్‌లో వచ్చిన నింటెండో గేమ్ మిషన్ పేరు ఫ్యామికామ్, దాని క్యాసెట్‌కు 60 పిన్నులు. అదే మిషన్ 1985లో ఎన్ఈఎస్ అనే పేరుతో అమెరికాకు వెళ్లింది, దాని క్యాసెట్‌కు 72. తొంభైల్లో అబిడ్స్, కోఠి షాపుల నుంచి మన ఇళ్లకు చేరినవి చాలా మటుకు ఆ 60 పిన్నుల ఫ్యామికామ్‌కు తైవాన్‌లోనో చైనాలోనో చేసిన నకళ్లు. నమ్మకం లేకపోతే క్యాసెట్ అంచు చూసి పిన్నులు లెక్కపెట్టండి, ఒక్కో వైపు 30 ఉంటాయి. తర్వాత జాగ్రత్తగా విప్పండి. పెద్ద పెట్టెలో మూలకు ఒదిగిన చిన్న బోర్డు, దాని మీద నల్లగా గట్టిపడిన జిగురు బొట్టు కనిపిస్తే, చిప్పు ఆ బొట్టు కిందే ఉంది, అది చాలా మటుకు నకలే. అసలు ఫ్యామికామ్ క్యాసెట్‌లో సాధారణంగా కాళ్లున్న చిప్పులు ఉంటాయి, వాటి మీద అంకెలు అచ్చేసి ఉంటాయి.

నకలు అనగానే చెత్త అని నేననను. నాకైతే అసలు ఆసక్తి ఇక్కడే మొదలవుతుంది. కాంట్రా అనే కాల్పుల ఆటనే తీసుకోండి. జపాన్ ఫ్యామికామ్ కాంట్రాలో, ఆ ఆట చేసిన కోనామీ కంపెనీ తన సొంత చిప్పు ఒకటి వాడింది. దాంతో మొదటి స్టేజీలో కొబ్బరిచెట్ల లాంటి ఆ చెట్ల ఆకులు ఊగుతాయి, మంచు స్టేజీలో మంచు కురుస్తుంది. 1988 అమెరికా వెర్షన్‌లో ఆకులు కదలవు. యూరప్‌లో అమ్మిన దాని పేరు ప్రొబోటెక్టర్, అందులో సైనికుల బదులు రోబోలు. కాబట్టి మీ క్యాసెట్ పెట్టి, మొదటి స్టేజీలో ఓ అర నిమిషం కాల్పులు ఆపి ఆకుల వైపు చూడండి. అవి ఊగకుండా, హీరో మనిషే అయితే, మీ నకలు అమెరికా వెర్షన్ నుంచి వచ్చినట్టు. మన ఊరికి ఏ ఆట ఏ దారిన వచ్చిందో ఎవరూ రాసి పెట్టలేదు. ఇలాంటి గుర్తులే ఆధారం.

99,99,999 ఆటల మాటకొస్తే, మెనూలో నాలుగైదు పేజీలు కిందికి వెళ్లండి చాలు. కాంట్రా, కాంట్రా 30 లైఫ్‌లు, మూడో స్టేజీ నుంచి కాంట్రా. మారియో కూడా అంతే, ఒక్కో వరుసలో ఒక్కో వరల్డ్ నుంచి మొదలవుతుంది. చిప్పులో ఉన్నది ఒకటే ఆట. మెనూ దాన్ని వేరే స్టేజీ నుంచో, వేరే లైఫ్‌ల లెక్కతోనో మొదలుపెడుతుందంతే. అయినా ఆ మెనూ పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసి ఉంచండి. ఒకే లేబుల్ వేసిన రెండు క్యాసెట్లలో జాబితా వేరుగా ఉండొచ్చు.

"గట్టిగా ఊదండి" అన్నది మనందరం చేసిన పనే. కానీ పని చేసింది ఊపిరి కాదు. తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నుల మీది మురికి కాస్త గీసుకుపోయి కాంటాక్ట్ దొరుకుతుంది, అంతే సంగతి. నోటి తడి పిన్నులకు చిలుము పట్టిస్తుంది, ఊదొద్దని నింటెండోనే చెప్పింది. అసలు తెర మిణుకు మిణుకుమనడం అమెరికా ఎన్ఈఎస్ జబ్బు. అందులో నకిలీ క్యాసెట్లను అడ్డుకునే లాక్ చిప్ ఒకటుంటుంది, కాంటాక్ట్ సరిగా లేకపోతే అది మిషన్‌ను పదే పదే రీసెట్ చేస్తుంది. ఫ్యామికామ్‌లో ఆ చిప్పే లేదు. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. దూదిపుల్లకు అద్ది పిన్నులు తుడిస్తే పుల్ల నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా తుడవండి.

దానికన్నా ముందు అడాప్టర్ చూడండి. ఫ్యామికామ్‌కు డీసీ కావాలి, పిన్ను మధ్యలో నెగటివ్. ఇప్పుడు దొరికే అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్యలో పాజిటివ్. ఎన్ఈఎస్ అడాప్టర్ అయితే ఏసీ ఇస్తుంది, దాన్ని ఫ్యామికామ్‌కు పెడితే పాడవుతుంది. అమెరికాలో ఉన్న అన్నయ్య పంపిన 120 వోల్టుల అడాప్టర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గన్ ఏ టీవీతోనైనా ఆడదు. బాతులను కాల్చే డక్ హంట్ ఆటలో గన్ ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్న చోట తెల్ల చదరం వస్తుంది. గన్ ఆ వెలుగును ఆ క్షణంలోనే పట్టుకోవాలి. ఎల్ఈడీ టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, గురి తప్పినట్టే లెక్క. డబ్బా టీవీ కావాల్సిందే. దాన్ని ఇంట్లో పెట్టనివ్వడానికి ఇంటావిడను ఒప్పించడం వేరే కథ.

కాపీరైట్‌కు ఇరవై ఏళ్ల గడువు ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు. మన 1957 చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచన కింద లెక్కేస్తుంది, రక్షణ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. చట్టబద్ధంగా కొన్న కాపీకి మీ కోసం బ్యాకప్ తీసుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఐదు వేల ఆటలు నింపి అమ్మడం అందులోకి రాదు.

అన్నిటికన్నా నాకు మండింది చివరి ముక్కకు. హనుమాన్: బాయ్ వారియర్ అని 2009లో ప్లేస్టేషన్ 2కు ఒక ఆట వచ్చింది. పూర్తిగా మన దేశంలో తయారై ఆ కన్సోల్‌పై విడుదలైన మొదటి ఆటగా దానికి పేరు. చేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్. దేవుణ్ని జాయ్‌స్టిక్‌తో ఆడించడమేమిటని అమెరికాలో ఒక హిందూ నాయకుడు అభ్యంతరం కూడా చెప్పాడు. అదే ఏడాది గిల్లీదండా, కబడ్డీ లాంటి ఆటలతో వచ్చిన దేశీ అడ్డాను చేసిన గేమ్‌శాస్త్ర కంపెనీ కూడా ఇక్కడిదే. ఈ ఆటలు గొప్పగా ఉన్నాయా లేదా అన్నది వేరే చర్చ. మారియో కోసం అటకలు వెతికే హైదరాబాదీ ముందు వెతకాల్సినవి ఈ రెండు డిస్కులు. దొరికితే తిప్పి చూడండి. అసలు పీఎస్2 డిస్క్ అడుగు వెండి రంగులోనో ముదురు నీలంలోనో ఉంటుంది. ఊదా ఛాయ కొడితే అది ఎవరో కంప్యూటర్‌లో రాసిన కాపీ, దానికి డబ్బులివ్వకండి.