మోదుగ అందానికే కాదు
మోదుగ పువ్వు చూడ్డానికే తప్ప ఎందుకూ పనికిరాదని ఎవరో రాశారు. వాసన లేదన్నది నిజమే కానీ మిగతాది ఒప్పుకోలేను. హోలీ ముందురోజు మేం రాలిన పూలు ఏరుకొస్తే అమ్మ పెద్ద గిన్నెలో మరిగించి రాత్రంతా ఉంచేది. తెల్లారేసరికి నీళ్లు చిక్కటి నారింజ రంగు తేలేవి. హోలీ నాడు అవి చల్లుకున్నా ఒంటికి మంట ఉండేది కాదు. చెట్టుమీద ఆకు లేని ఫాల్గుణంలో, మెత్తటి నల్లని తొడిమల్లోంచి చిలుక ముక్కులా వంగిన ఆ పూలలో తేనె కోసం గోరింకలు పొద్దున్నే కొట్లాడుకునేవి. తర్వాత వచ్చే ఆకులతో నానమ్మ విస్తర్లు కుట్టేది, మూడేసి ఆకులు కలిపి, చీపురు పుల్లలతో. ఇప్పుడు ఆ చెట్లుండే మా గుట్టను చదును చేసి ప్లాట్లు వేశారు. చివర్లో మూడు చెట్లే మిగిలాయి, ఈ ఏడూ పూశాయి.