రంగు చూసి బ్రేకు ఆయిల్ మార్చడం సరికాదు

బైకు డిస్కు బ్రేకుల మీద వచ్చిన వ్యాసంలో, బ్రేకు ఆయిల్ నల్లబడ్డాక మార్చుకుంటే చాలని వ్యాసకర్త గారు రాసిన మాటతో నేను ఏకీభవించలేను. డాట్ 3, డాట్ 4 అనే బ్రేకు ఆయిల్ రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం కాగా, తేమ చేరినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి బ్రేకు సరిగా పట్టదు. ఆ తేమ కంటికి కనిపించదు కాబట్టి, రంగు ఎలా ఉన్నా రెండేళ్లకోసారి మార్చడమే మేలు, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతలో తిరిగే బళ్లకు.

బ్రేకు గొట్టంలో చిక్కిన గాలి తీసే పద్ధతిని చక్కగానే వివరించారు గానీ, అందులో వరుసక్రమం స్పష్టంగా లేదు. లివర్‌ను నొక్కి పట్టుకుని ఉండగానే క్యాలిపర్ (చక్రం దగ్గర డిస్కును పట్టే భాగం) మీది నిపుల్‌ను, అంటే ఆయిల్ బయటకు వదిలే చిన్న మరను, పావు చుట్టు వదులు చేసి, పాత ఆయిల్ దానికి తగిలించిన గొట్టంలోకి దిగాక నిపుల్ బిగించి, ఆ తర్వాతే లివర్‌ను వదలాలి. లేకుంటే బయటి గాలి తిరిగి లోపలికి చేరుతుంది. హ్యాండిల్ దగ్గరి డబ్బాలో అడుగు రంధ్రం బయటపడేంతగా ఆయిల్ తగ్గినా పని మళ్లీ మొదటికొస్తుంది. బుడగలు ఆగినా లివర్ మెత్తగానే ఉంటే, లివర్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌కు బ్రేకు గొట్టం కలిసే బోల్టు వద్ద గాలి చిక్కుకుని ఉండవచ్చు. లివర్‌ను కొద్దికొద్దిగా ఆడిస్తే అది సన్నని బుడగలుగా డబ్బాలోకి తేలుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని బళ్లకు ఈ పనికి స్కానర్ అనే ఎలక్ట్రానిక్ పరికరం అవసరం కనుక, అవి మెకానిక్ పని.

పెట్రోలు ట్యాంకు మీద బ్రేకు ఆయిల్ చుక్క పడితే గుడ్డతో రుద్దకుండా వెంటనే నీళ్లు పోసి కడగాలి, లేకుంటే రంగు లేచిపోతుంది.