బ్రేక్ కెమెరా దగ్గర, జోరు మలుపుల్లో

వేగాన్ని పట్టుకోవడానికి గడియారం చాలని తిరుమల ఘాట్ రోడ్డు చూపించింది. అలిపిరికీ కొండకూ మధ్య బండి ఎంత సేపట్లో వచ్చిందో లెక్క చూస్తారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 పట్టాలి. ముందే వస్తే జరిమానా. దిగే దారి 1944 నాటిది, మలుపులు ఎక్కువ. ఎక్కే దారి 1974లో వచ్చింది. దిగడానికి 40 నిమిషాలంటే సగటున గంటకు 30 కిలోమీటర్ల లోపే.

మరి మన డ్రైవర్లు ఏం చేశారు? జోరుగా దిగేసి, అలిపిరి దగ్గరపడ్డాక బండి పక్కకు తీసి, కబుర్లు చెప్పుకుంటూ టైము నిండాక తాపీగా గేటు దాటడం నేర్చుకున్నారు. కాగితం మీద తప్పేం లేదు. మలుపుల్లో వేగం మాత్రం తగ్గలేదు.

ఒకచోట పాతిన స్పీడ్ కెమెరా సంగతి ఇంకా తేలిక. రోజూ తిరిగేవాళ్లకు ఎక్కడ బ్రేక్ వేయాలో, ఎక్కడ మళ్లీ తొక్కాలో కంఠతా వచ్చు. కొత్తవాళ్లకు ఫోన్‌లో మ్యాప్ చెబుతుంది. ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొట్టి హెచ్చరిస్తారు (ఈ ఒక్క విషయంలో మన ఐకమత్యానికి వంక పెట్టలేం). చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్ ఉంది. 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్నది అక్కడే. అలాంటి వాలులో వేగం మొదటి నుంచి చివరిదాకా అదుపులో ఉండాలి, ఒక్క స్తంభం దగ్గర ఉంటే ఏం లాభం?

చలానా కూడా ఆలస్యంగానే తగులుతుంది. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 2021లో వచ్చిన 167ఎ నిబంధన, కెమెరాకు చిక్కిన తప్పుకు నోటీసు పంపడానికి 15 రోజుల గడువిచ్చింది. రోజూ కొండకు ట్రిప్పులు వేసే డ్రైవర్‌కు అప్పటికి ఆ మలుపు గుర్తుంటుందా? పైగా 2022లో పక్కనున్న తెలంగాణ పెండింగ్ చలానాలపై భారీ రాయితీ ఇచ్చింది. టైముకు కట్టినవాడు అమాయకుడయ్యాడు. ఇక్కడా అలాంటి ఆఫర్ వస్తుందేమోనని చూసేవాళ్లను తప్పుపట్టలేం.

ఘాట్‌లో మధ్యమధ్య నంబరు ప్లేటు చదివే కెమెరాలు పెట్టి ఆ 40 నిమిషాలను ముక్కలు చేస్తే, చివర్లో ఆగి లెక్క సరిచేసుకునే వీలుండదు. చలానా డబ్బు డ్రైవర్ జీతంలో కోసే ఓనర్ల సంగతి కూడా చూడాలి. రోజుకిన్ని ట్రిప్పులని తొందరపెట్టేది వాళ్లే. మోటారు వాహన చట్టం 183వ సెక్షన్ నడిపినవాడితో పాటు, తన దగ్గర పనిచేసేవాడి చేత అతివేగంగా నడిపించినవాణ్ణీ బాధ్యుణ్ణి చేస్తోంది. ఆ రెండో సగాన్ని ఎవరి మీదా ప్రయోగించినట్టు కనిపించదు.